ఎంగిలి కరెంటు

మా దిబ్బలవలస పురపాలక సంఘానికి ఆ యేడు శబ్ద కాలుష్య నివారణ పద్దు కింద పైనుంచి డబ్బు వచ్చి పడింది. మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. ప్రభుత్వ డబ్బుని ఏట్లో పోసినా క్షమిస్తారు గాని, వెనక్కి పంపితే క్షమించరు. చిక్కేమిటంటే, అంత డబ్బుకి తగినంత శబ్దం మా ఊళ్లో లేదు. ఉన్నవల్లా గుడి మైకు, బస్టాండులో సోడా బుడ్ల కీచు, నా పిండిమర. గుడి మైకుని ముట్టుకుంటే ఓట్లు పోతాయి. సోడా బండివాడు చైర్‌పర్సన్ గారి వార్డువాడు. నన్ను తర్వాత ముట్టుకున్నారు. అదే ఈ కథ.

నా పేరు దాలినాయుడు. ఏడో తరగతిలో బడి మానేసి మా నాన్న మర పట్టుకున్నాను. ఇందులో తప్పులు కనబడితే, పెద్ద చదువులు చదివినవాళ్లు చేసినవాటి పక్కన పెట్టి చూసుకోండి. చిన్నవిగానే ఉంటాయి.

మా చైర్‌పర్సన్ గారు సంతకాలు పెడతారు. మిగతావన్నీ ఆవిడ భర్త కూర్మారావు గారు పెడతారు. ఆయన ఆ మధ్య హైదరాబాదు వెళ్లి, తోడల్లుడి ఇంట్లో ఒక పాటల యంత్రం విని వచ్చారు. మనిషెత్తు స్పీకర్లు రెండు, దీపాలు వెలిగే పెట్టె ఒకటి, జెర్రిగొడ్డు పామంత లావు వైర్లు. వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి అన్నం సయించలేదు.

“పాట మజ్జిలో పాడినావిడ గుటక మింగింది బావూ,” అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు. “గుటక! కుడిపక్క నుంచి మింగింది! మనూళ్లో ఏ యెదవకైనా గుటక ఇనబడిందేటి ఇన్నాళ్లూ?”

అలాంటిది సొంత డబ్బుతో కొనడానికి ఆయనకి మనసొప్పలేదు. ఊరు వినవలసినదాన్ని ఒక్కడూ వినడం స్వార్థం అన్నారు. కౌన్సిల్ సమావేశంలో కమిషనర్ చిదానందం గారు లేచి చదివారు:

“చెడ్డ శబ్దమును నివారించుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, దానిని ఆపుట. రెండు, అంతకన్నా మేలైన శబ్దమును పౌరులకు అలవాటు చేయుట. మొదటి మార్గమునందు ఖర్చు లేదు కావున అది పద్దు నిబంధనలకు విరుద్ధము.”

కొనుగోలు మంజూరైంది. యంత్రం ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. పురపాలక భవనంలో పావురాలున్నాయి. గ్రంథాలయంలో చెదలున్నాయి. పైగా అది ఇంట్లో వినవలసిన యంత్రమని కంపెనీవాళ్ల పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఇల్లే కావాలి. ఇల్లు అన్న తర్వాత ఊరి ప్రథమ పౌరురాలి ఇంటిని మించినది ఏముంటుంది? కూర్మారావు గారి ముందుగదికి ‘పౌర శ్రవణ మందిరం’ అని బోర్డు కట్టారు. ధర నేను చెప్పను. ఆ డబ్బుతో మా వీధిలో మురుగుకాలవ కట్టొచ్చు అన్నాడొక కౌన్సిలరు. కాలవ పాడదు కదా అని కూర్చోబెట్టారు.

కూర్మారావు గారి ఇంటి గోడకీ నా మర గోడకీ మధ్య ఒక సందు. అంతే దూరం.

ప్రారంభం రోజు దుకాణాలన్నీ మూయాలని, ఇంటికొకరు వచ్చి వినాలని చాటింపు వేశారు. తెరిచినవాళ్ల లైసెన్సు రద్దు. మా ఇంటి తరఫున నా భార్య సన్యాసమ్మ వెళ్లింది. నేను మర తలుపు దించి కూర్చున్నాను. ఇంతలో గున్నమ్మ పిన్ని డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చి తలుపు గుద్దింది.

“ఒరే దాలినాయుడా, తియ్యరా. తడిబియ్యం.”

“ఇయ్యాల బందు పిన్నీ. రేపు రా.”

“రేపటికి పులిసిపోవా? మనవడు అడుగులేసినాడు. అడుగులకి అరిసెలొండాల. గుంటడు నీ బందుకోసం నడక ఆపుతాడేటి?”

అరిసెల బియ్యం సంగతి మరాడించేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నానిన బియ్యం తడి ఆరకముందే పిండి కావాలి. ఆలస్యమైతే పాకంలో పడగానే విరిగిపోతుంది. తలుపు సగానికి ఎత్తి ఆవిణ్ని లోపలికి లాగి, మర వేశాను. పక్కింట్లో ఊరంతా సంగీతం వింటోంది కాబట్టి నా హోరు ఎవరికి పడుతుంది అనుకున్నాను.

సన్యాసమ్మ తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

“ఏటీ నేదు. మన ఫోన్లో వొచ్చే పాటే. కాపోతే కుర్సీ మెత్తగుంది.”

“గుటక ఇనబడిందా?”

“కూర్మారావు గారు మింగినారు. అది ఇనబడింది. మరేటంటే, పాట అడుగున మన మర హోరుమంటంది. అందరూ దానికే తలకాయలూపేసినారు. ‘అబ్బ, అడుగు సూడు, ఎంత గంభీరంగా ఉందో’ అని కమిషనరు గారు కళ్లు మూసీసుకున్నారు. నాను నోరు మూసుకున్నాను.”

ఆ సాయంత్రమే కౌన్సిల్ తీర్మానం చేసింది. ‘సదరు యంత్రము నుండి వెలువడిన శబ్దము అత్యున్నత ప్రమాణములు కలిగియున్నదని, ముఖ్యముగా అడుగు స్వరము యొక్క గాంభీర్యము కొనియాడదగినదని సభ్యులు ఏకగ్రీవముగా అనుభవించడమైనది.’ అనుభవించనివాళ్లు చెయ్యెత్తమన్నారట. ఎవరెత్తుతారు? నాకు చెవుల్లేవు అని వార్డు జనం ముందు ఒప్పుకునే కౌన్సిలరు ఇంకా పుట్టలేదు.

కానీ ఊరు ఊరే. టీకొట్టు దగ్గర గొణుగుడు మొదలైంది. అంత పోసి కొన్నదానికీ, మూలనున్న పాత రేడియోకీ తేడా ఏమిటని అడిగారు. గొణుగుడు కూర్మారావు గారి చెవిన పడింది. ఆ చెవులు అసలే పదునెక్కి ఉన్నాయి. యంత్రం అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, వాళ్లు నిరంజన్ గారు అనే శ్రవణ సలహాదారుని పంపారు. తెల్లటి నారబట్టలు, మెడలో పూసల దండ. మాట్లాడే ముందు కాసేపు కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపటికి కూడా ఫీజు ఉందట.

మొదట వైర్లు నేలకి తగలకూడదన్నాడు. నేలలోంచి ఊరి చప్పుడు వైర్లలోకి ఎక్కుతోందట. పురపాలక బడి నుంచి పిల్లల పీటలు తెప్పించి వైర్లని వాటి మీద పడుకోబెట్టారు. పిల్లలు నేల మీద కూర్చున్నారు. వాళ్లలోకి చప్పుడెక్కినా పర్వాలేదు, వాళ్లెలాగూ అల్లరే చేస్తారు. తర్వాత యంత్రం పండాలన్నాడు. కొత్త యంత్రం పచ్చికాయ వంటిది, పండేదాకా బయటివాళ్లకి వినిపించరాదు అన్నాడు. మందిరం మూసేసి, చప్పుడు సందులోకి కూడా రాకుండా తలుపులు బిగించి లోపల దాన్ని పండబెట్టారు. పండుతున్నా తేడా రాలేదు. అప్పుడు కరెంటు మీదకి వెళ్లాడు.

ఒకనాడు పొద్దున్న ముగ్గురూ నా మరలోకి వచ్చారు. నిరంజన్ గారు, కూర్మారావు గారు, వాళ్ల వెనక చేతిలో ఫైలుతో కమిషనర్ గారు.

“ఈ వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదటి తీగ ఎక్కడికి వస్తుంది?” అని అడిగాడు నిరంజన్ గారు.

“నా మరకండి.”

“ఆ తర్వాత?”

“కూర్మారావు గారింటికి.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. మేం ముగ్గురం ఫీజు ఎక్కుతుండగా నిలబడ్డాం.

“అంటే, మీరు వాడగా మిగిలిన కరెంటుతో అక్కడ సంగీతం వింటున్నారన్న మాట.”

కూర్మారావు గారి మొహం మాడిపోయింది.

“ఎంగిలి కరెంటా! మా ఇంటికి ఎంగిలి కరెంటు పంపుతన్నావేట్రా దాలినాయుడా? మీ తాతల కాలం నుంచీ మా ఇంట్లో మంచినీళ్లు తాగిన కుటుంబం కదరా మీది!”

“నానేటి పంపడం బావూ! తీగలోంచి వొస్తాది, తీగలోంచి ఎలిపోద్ది. నా సేతిలో ఏటుంది?”

“ఈ మరలో ఏమేం ఆడిస్తారు?” అన్నాడు నిరంజన్ గారు.

“పొద్దున్న బియ్యం. తర్వాత గోధుమలు, సెనగలు. మిరపకాయలు ఆఖర్న, సాయంత్రం.”

“మిరపకాయలు!” ఆయన కమిషనర్ గారి వైపు తిరిగాడు. “నిన్న సాయంత్రం వయొలిన్‌లో ఒక ఘాటు ఉంది, గమనించారా?”

కమిషనర్ గారు గమనించారు. ఆ గాలికి నిజంగానే తుమ్ము కూడా వచ్చింది. తుమ్మి, ఫైల్లో ‘ఘాటు’ అని రాసుకున్నారు.

సాయంత్రానికి నా మర తలుపుకి లక్క ముద్ర పడింది.

నేను పురపాలక ఆఫీసుకి వెళ్లాను. కమిషనర్ గారు నన్ను కూర్చోమనలేదు గాని చాలా మర్యాదగా మాట్లాడారు.

“మీరు పొరబడుతున్నారు. మీ మర మూయబడలేదు. దానికి విశ్రాంతి మంజూరు చేయబడింది.”

“ఎన్నాళ్లు సార్?”

“శ్రవణ ప్రయోజనాల దృష్ట్యా.”

“అదెన్నాళ్లు సార్?”

“దృష్ట్యా అంటే కాలపరిమితి ఉండదు. దృష్టి ఉన్నంత కాలం ఉంటుంది.”

“మరి ఈ ఇశ్రాంతిలో మేం తినడానికేటైనా మంజూరైనాదా?”

“అది వేరే పద్దు,” అన్నారు. గొంతులో నిజంగానే జాలి ఉంది. జాలికి పద్దు అక్కర్లేదు కాబట్టి ఆయన దాన్ని ధారాళంగా ఖర్చుపెట్టేవారు.

మరంటే నాకు అన్నం. వేరే పని రాదు. పొద్దున్న లేస్తే బెల్టు ఎక్కించడం, సాయంత్రం కనుబొమ్మల మీద పిండి దులుపుకోవడం. ఇన్నేళ్లూ అదే. ఇప్పుడు నా డబ్బాలవాళ్లు ఆటో ఎక్కి పక్కూరి మరకి పోతున్నారు. నా గుమ్మం ముందు నుంచే పోతున్నారు. కొందరు తల తిప్పుకునేవారు, కొందరు పలకరించేవారు. పలకరించినవాళ్ల మీదే నాకు ఎక్కువ కోపం వచ్చేది. సన్యాసమ్మ జీడిపిక్కల బట్టీలో పనికి కుదిరింది. ఆ జీడికి దాని వేళ్లు నల్లబడ్డాయి.

“నువ్వు కూడా కాస్త పండు,” అంది నాతో. “కూర్మారావు గారి పెట్టి పండటం నేదేటి?”

ఎంగిలి లేని కరెంటుతో యంత్రం పండుతూ ఉండగా, జిల్లా నుంచి ఆడిట్ వచ్చింది. అధికారిణి మంగతాయారు గారు. చేతిలో టిఫిన్ క్యారేజీ, సంచిలో ఎర్ర పెన్సిళ్లు. ఆవిడ అరగంట యంత్రం విన్నారు. విని, కౌన్సిల్ తీర్మానం తెప్పించుకుని చదివారు. తలుపులు బిగించి విన్నారు కాబట్టి ఏం మోగిందో నాకు తెలీదు. నన్ను విచారణకి పిలిచి వాకిట్లో నిలబెట్టారు. తర్వాత తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. అప్పటికి యంత్రం ఆపేశారు.

మంగతాయారు గారు ఎర్ర పెన్సిల్‌తో తీర్మానం మీద కొట్టి అడుగుతున్నారు.

“అడుగు స్వరము యొక్క గాంభీర్యము అని రాసుకున్నారు. నాకు పాట వినబడింది. గాంభీర్యం వినబడలేదు. అదేదీ?”

ఆవిడే ఫైల్లో పేజీ తిప్పారు.

“తీర్మానం తర్వాత పక్క మర ఎందుకు మూయించారు?”

“శబ్ద నాణ్యతను పెంపొందించుటకు మేడమ్,” అన్నారు కమిషనర్ గారు.

“అత్యున్నతమని ఏకగ్రీవంగా తీర్మానించినదాన్ని పెంపొందించడం ఎలా? మీరు కొన్నది ఏ శబ్దం? ఇప్పుడు వస్తున్నది ఏ శబ్దం? రెండూ ఒకటే అయితే మర ఎందుకు మూశారు? వేరు అయితే కొన్న సరుకు ఏమైంది? సరుకులో తరుగు వస్తే ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో నియమావళిలో ఉంది.”

కూర్మారావు గారు గుటక మింగారు. ఈసారి ఎడంపక్క నుంచి వినబడింది.

నిరంజన్ గారు కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. ఆ రోజు ఫీజు గుర్తున్నట్టు లేదు.

“మేడమ్, ఒక ఉన్నత స్థాయి శ్రవణ వ్యవస్థ అంటే పెట్టె ఒక్కటే కాదు. గది, గోడ, గాలి, పరిసరాలు అన్నీ కలిసి. తీర్మానం నాడు పక్కన మర నడిచే ఉండాలి. ఆ గాంభీర్యం పరిసరాలది. కాబట్టి మర కూడా వ్యవస్థలో భాగమే. దాన్ని పునరుద్ధరిస్తే సరుకు పూర్తిగా ఉన్నట్టే.”

మంగతాయారు గారు ఆలోచించి, తల ఊపారు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, అది ఆయన లెక్కలో పరిసరాల్లోకి వస్తుందేమోనని భయపడ్డాను. మర తెరుస్తారు! ఇంకేం కావాలి?

“తీర్మానం నాటి స్థితిని యథాతథంగా నెలకొల్పండి,” అని ఆవిడ నా వైపు తిరిగారు. “ఏమయ్యా, ఆ రోజు మరలో ఏం ఆడిస్తున్నావు?”

నోటిదాకా వచ్చింది, తడిబియ్యమని. ఇంతలో కమిషనర్ గారి చేతిలో ఫైలు కనబడింది. ఆ రోజు బందు. దుకాణం తెరిచినవాడి లైసెన్సు రద్దు. బియ్యం ఆడించానంటే వ్యాపారం చేసినట్టు. ఇప్పుడే తెరుచుకోబోతున్న తలుపు ఆ మాటతో మళ్లీ మూసుకుంటుంది.

“ఏటీ నేదమ్మా. బందు కదా. బెల్టు కొత్తది, సర్దుకుంటాదని ఊరికే తిప్పినాను. కాళీగా.”

“ఖాళీగా,” అని మంగతాయారు గారు రాసుకున్నారు.

“మర రాళ్లు దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా?” అన్నాడు నిరంజన్ గారు.

పిండి మెత్తగా పడాలంటే రాళ్లు దగ్గరగా ఉండాలి. అలవాటు కొద్దీ నిజం చెప్పేశాను. “దగ్గరగానేనండి.”

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. నా మర ఇకనుంచి ‘పురపాలక శ్రవణ అనుబంధ యంత్రము.’ మందిరంలో పాట మోగినంతసేపూ నడవాలి. అందులో గింజ పడరాదు. పడిన గింజ స్వరాన్ని మారుస్తుంది. రాళ్ల మధ్య ఎడం మారకుండా పిడి మీద సీలు వేశారు. నేను ‘అనుబంధ యంత్ర నిర్వాహకుణ్ని.’ గౌరవ వేతనం అన్నారు. గౌరవం అదే రోజు ఇచ్చారు, శాలువాతో. వేతనం ఫైల్లో ఉంది.

రెండు రోజులు ఖాళీ మర తిప్పి, మూడోనాడు కమిషనర్ గారి కాళ్ల మీద పడ్డంత పని చేశాను.

“సార్, అబద్ధం ఆడినాను. ఆ రోజు కాళీ కాదు. గున్నమ్మ అరిసెల బియ్యం. జరిమానా ఏస్తే ఏసీండి.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అయ్యో, బియ్యమా? ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే బియ్యమే ఆడించమని ఉత్తర్వు ఇచ్చేవాళ్లం కదయ్యా. యథాతథ స్థితి కాబట్టి. పురపాలక ఖర్చుతో, రోజూ తడిబియ్యం. పిండి నువ్వే అమ్ముకునేవాడివి.”

“మరిప్పుడు రాసుకోండి సార్!”

“ఇప్పుడెలా? నీ వాంగ్మూలం మీద ఆడిట్ ముగిసింది. అది అబద్ధమంటే ఆడిట్ అబద్ధం, దాని వెనక తీర్మానం అబద్ధం, దాని వెనక కొనుగోలు అబద్ధం. నువ్వు ఆడింది అబద్ధమే కావచ్చు, కానీ అది రికార్డయిన అబద్ధం. రికార్డు కాని నిజానికన్నా దానికి విలువ ఎక్కువ.”

యంత్రం పండిపోయింది. మందిరం మళ్లీ తెరిచారు. వార్డుకో రోజు చొప్పున ఊరంతా వచ్చి వింటోంది. పక్క పట్టణాల నుంచి కౌన్సిలర్లు వచ్చి చూసి, తమ ఊళ్లో ప్రథమ పౌరుల ఇళ్ల పక్కన పిండిమరలున్నాయా అని వాకబు చేస్తున్నారట. అడుగు స్వరం అద్భుతమని అందరూ ఒప్పుకున్నారు.

మరకి నోట్లో గింజ లేకపోతే అది తన్ను తానే తింటుంది. రాయి మీద రాయి. మొదట మాడు వాసన, తర్వాత నిప్పురవ్వలు, ఆ తర్వాత గొట్టంలోంచి బూడిద రంగు పొడి. మా నాన్న ఉలితో కొట్టి పెట్టిన గాట్లు అరిగి రాళ్లు నున్నబడిపోయాయి. ఇప్పుడు గింజ పోసినా నలగదు. సన్యాసమ్మ జీతం డబ్బులతో కొట్లో పాకెట్టు పిండి తెస్తోంది. పిండిమర ఇంట్లో పాకెట్టు పిండి. సంచిలో దాచి తెస్తుంది, ఎవరైనా చూస్తారని.

మొన్న మర తిరుగుతుండగా గున్నమ్మ పిన్ని వచ్చింది. పక్కూరు నుంచి ఆటోలో దిగి, డబ్బా నా గుమ్మం మీద దించి ఊపిరి తీసుకుంది. గొట్టం కింద చెయ్యి పెట్టి ఆ పొడిని వేళ్లతో నలిపి చూసింది.

“ఏటిరా ఇది?”

“రాయి.”

“రాయి ఆడిస్తన్నావేటి?”

“రాయే రాయిని ఆడిస్తంది. నాను కాపలా.”

ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని, సందు అవతల బోర్డు వైపు చూసింది. దాని కింద ఆరో వార్డువాళ్లు చెప్పులు విడిచి లోపలికి వెళ్తున్నారు.

“నాను ఇన్నప్పుడు నాకేటీ తెల్నేదురా. నువ్వు పక్కనే ఉన్నావు, రోజూ ఇంటావు. నిజం సెప్పు. ఆ పెట్టి అంత డబ్బు సేస్తాదేటి?”

ఏమని చెప్పను? దిబ్బలవలసలో ఆ యంత్రం విననివాణ్ని నేనొక్కణ్నే. అది మోగినంతసేపూ నేనిక్కడ ఉండాలి. మర ఆపితే నాకూ వినబడుతుంది. కానీ మర ఆగినప్పుడు దాన్లోంచి వచ్చేది కొన్న శబ్దం కాదని ఆడిట్ తేల్చింది.

“నాకు తెల్దు పిన్నీ,” అన్నాను.

“ఆఁ?” అంది గున్నమ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. మర హోరులో నా మాట ఆవిడకి వినబడలేదు.